మిషను ఎవరిదో చెప్పు

సంగారెడ్డి, 1974

ప్రహ్లాద్‌కు,

మళ్లీ వచ్చి మిషను బాగుచేయమని రాశావు.

పల్లీలు ఒలిచే ఆ మిషను కాలేజీ వర్క్‌షాపులో నేను గీసి, నేను చేసిందని నీకు తెలుసు. దాన్ని నీ పేరుతో చూపించి పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఉద్యోగం తెచ్చుకున్నావు. అడిగితే, "హార్మోనియం వాయించుకునేటోనికి మిషన్లెందుకురా?" అని దోస్తులందరి ముందు నవ్వావు.

పోయిన వారం నువ్వు పిలిస్తే ఫ్యాక్టరీకి వచ్చి దాన్ని చూశాను. కాదు, విన్నాను. చక్రం శ్రుతి తప్పిందని చెవికి వెంటనే తెలిసింది. లోపల బేరింగు అరిగిపోయింది. నీకు మాత్రం చెప్పలేదు. దాన్ని నడిపే మల్లయ్యను పక్కకు పిలిచి, "గీ మూలుగు పెరిగితే ఎవలు చెప్పినా నడపకు. బంద్ చేసి దూరం జరుగు" అన్నాను. అతనికేమైనా అయితే నా పగ నాకే చేదయ్యేది.

మొన్న మీ ఫ్యాక్టరీ పెద్దసారు చూస్తుండగానే మల్లయ్య మిషను ఆపేశాడట. ఎందుకాగిందని సారు అడిగితే నువ్వు మిషను చుట్టూ తిరిగావట. అది విని నా కడుపు చల్లబడింది. కానీ పూర్తిగా కాదు.

వస్తాను. పెద్దసారును షెడ్డుకు పిలిపించు. ఈ మిషను ఎవరు చేశారో నీ నోటితో చెప్పు. మల్లయ్య కూడా వినాలి. నువ్వు చెప్పేదాకా నేను పానా ముట్టను.

నీతో ఒకే గదిలో చదువుకున్నవాడు