రాజవ్వ చెప్పిన పాస్‌వర్డ్

ఆర్మూర్, 14 మార్చి 1997

బాల్కొండ రాజవ్వ ఈరోజు మా కంప్యూటర్ సెంటర్‌కు వచ్చింది. ఆమె భర్త దుబాయ్‌లో చనిపోయి నెలయింది. ఆయనకు ఆమె రాయించిన జాబులన్నీ నేనే టైపు చేశాను. ఇంకెవరూ చదవకూడదని, వాటిని దాచిన ఫ్లాపీకి పాస్‌వర్డ్ తనే పెట్టుకుంది. రాత రాని మనిషి, ఏదో కవరు చూసుకుంటూ ఒక్కో మీటా వెతుక్కుంటుంటే నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఆ మాట లేకపోతే ఫ్లాపీలో అంతా పిచ్చిగీతలే.

"ఆఖరి జాబుల రమ్మన్ననా, వద్దన్ననా? యాదికొస్తలేదక్కా. జర తీసి సదువు," అంది.

పాస్‌వర్డ్ అడిగాను. పెనిమిటి పేరు నోట పలకని మనిషి, చివరికి నా చెవిలో "గంగాధర్" అంది.

ఆ జాబు నాకు గుర్తుంది. అందుకే ఒక అక్షరం కావాలనే తప్పు కొట్టాను.

"తెరుసుకుంటలేదు రాజవ్వా."

"ఎన్నడు పిల్వని పేరాయె. తప్పు చెప్పిన్నేమో," అనుకుంటూ వెళ్లిపోయింది.

తర్వాత సరిగ్గా కొడితే తెరుచుకుంది. ఆఖరి జాబులో ఆమె చెప్పి రాయించిన మాట: "ఇప్పుడొద్దు, ఇంటికి స్లాబు పడ్డంకనే రా."

ఆయన పేరు తను తప్పు చెప్పలేదని ఆమెకు చెప్పాలంటే, ఈ జాబు కూడా చదివి వినిపించాలి.