తోడు వచ్చినవాళ్ల కళ్లు

రాష్ట్ర మాజీ సైనికుల సంక్షేమ ఆఫీసువారికి,

పాత మిలిటరీ లారీ డ్రైవరు దండం పెట్టి రాసేదేమంటే, మీ కవర్లకి జిగురు మరీ ఎక్కువైంది. మొన్నటి కవరు విప్పబోతే లోపలి కాగితం చిరిగి రెండైంది. సగం నేను చదివాను, సగం కవరే ఉంచుకుంది.

ఇక అసలు సంగతి. నాతో మిలిటరీలో వైర్‌లెస్ ఆపరేటరుగా పనిచేసి చనిపోయిన, తమ్ముడిలాంటివాడి భార్య పక్క వాటాలోనే ఉంటుంది. కుట్టుపని చేస్తుంది. కళ్లకి శుక్లాలు ముదిరిపోయాయి. మొన్న నా చొక్కాకి జేబు వీపు మీద కుట్టింది. సైనికుల కుటుంబాలకి మీరు ఊరికే ఆపరేషన్ చేయిస్తారటగా, ఎవరినైనా పంపండి.

ఇట్లు,
డ్రైవరు తాత

తా.క. ఆ చొక్కాతోనే పోస్టాఫీసుకి వచ్చాను. స్టాంపు డబ్బులు నా వెనక నిలబడ్డాయన తీసిచ్చాడు.

*

గౌరవనీయులైన తాతగారికి నమస్కారాలు.

మీ కళ్లకు శుక్లాలు ముదిరిన సంగతి తెలిసి విచారించాం. సంతకం ఎవరిదైతే వైద్యం వారికే గనుక మీ పేరు ఆస్పత్రికి పంపాం.

ఇట్లు,
గుమాస్తా (మీ మనవరాలి వంటిదాన్ని)

తా.క. వీపు మీద జేబున్న చొక్కా వేసుకుని తిరుగుతున్నారంటేనే మీ పరిస్థితి అర్థమైంది.

*

గుమాస్తా తల్లికి దీవెనలు.

నా కళ్లు నిక్షేపంలా ఉన్నాయి. ఎదురింటి గోడ మీది బల్లి ఏ కాలు ముందు వేసిందో చెప్తాను. ఆపరేషన్ మా మరదలికమ్మా! ఆవిడేమో సంతకం పెట్టదు. "ఆయన ఉన్నప్పుడే ఎవరి ముందూ చెయ్యి చాచలేదు బావగారూ, ఇప్పుడు చాస్తానా?" అంటుంది. ఇంకా ఆలస్యమైతే చూపు తిరిగి రాదని కళ్లద్దాల షాపాయన అన్నాడు. నువ్వే వచ్చి చెప్పరాదూ?

ఇట్లు,
డ్రైవరు తాత

తా.క. ఆవిడ సూదిలో దారం ఇప్పుడు నేనే ఎక్కిస్తున్నా. దారానికో తిట్టు, అదే నా కూలి.

*

తాతగారికి,

ఆపరేషన్ అనగానే పక్కింటివారి పేరు చెప్పడం పెద్దలు చాలామంది చేసేదే. గోడల మీద బల్లులు కనిపించడం కూడా శుక్లాల లక్షణమేమోనని మా ఆఫీసరుగారు కంగారుపడుతున్నారు. భయపడకండి. సోమవారం వ్యాన్ వస్తుంది. తోడుగా ఒక మనిషి తప్పనిసరి.

ఇట్లు,
గుమాస్తా

తా.క. కవర్లకు జిగురు తగ్గించాం.

*

తల్లీ,

దొరికిపోయాను. భయమే. వ్యాన్ పంపు. తోడుకి మా మరదలిని తెస్తున్నా.

ఇట్లు,
పిరికి తాత

తా.క. కవరు దానంతటదే విప్పుకుని వచ్చింది. "భయపడకు తాతా" అని పోస్ట్‌మాన్ గుమ్మంలోనే ధైర్యం చెప్పాడు.

*

తాతగారికి,

ఆస్పత్రి కబురు విని మా ఆఫీసంతా తల పట్టుకుంది. మీకు ఏ జబ్బూ లేదట. బోర్డు మీది అక్షరాలు చదవమంటే, అడుగున దాన్ని అచ్చేసిన ప్రెస్సు పేరు దాకా చదివారట. ఆపరేషనేమో తోడు వచ్చినావిడకి జరిగిందట, సంతకమూ ఆవిడదేనట! తోడు వచ్చినవాళ్ల కళ్లు కూడా చూడాలని ఆర్డరు ఉందన్నారట మీరు. మా బీరువాలన్నీ వెతికాం. ఆ ఆర్డరు ఎవరిచ్చారు?

ఇట్లు,
గుమాస్తా

తా.క. ఆఫీసరుగారు నా నెత్తిమీదే నిలబడి ఉన్నారు. త్వరగా రాయండి.

*

బంగారుతల్లికి,

తన కోసమైతే మా మరదలు గడప దాటదు. బావగారు భయపడుతున్నారంటే మాత్రం తిట్టుకుంటూనే వ్యాన్ ఎక్కింది. ఆస్పత్రిలో కుర్చీ చూపించి, "తోడు వచ్చినవాళ్ల కళ్లు ముందు చూస్తారట, ఆర్డరు" అన్నాను. సిపాయి పెళ్లాం కదా, ఆర్డరనగానే నిటారుగా కూర్చుంది.

డాక్టరమ్మ చూసి, "ఇది దానం కాదమ్మా, మీ ఆయన సర్వీసు చేసి సంపాదించిపెట్టింది" అంది. మా మరదలు కలం అడిగింది.

నిన్న కట్టు విప్పారు. ముందు నన్నే చూసింది. "అయ్యో బావగారూ, ఇంత ముసలాళ్లైపోయారా!" అంది. వ్యాన్‌లో వస్తూ దారి పొడుగునా షాపుల బోర్డులన్నీ పైకి చదివి నా చెవులు చిల్లులు చేసింది.

ఇట్లు,
డ్రైవరు తాత

తా.క. ఆ ఆర్డరు నేనే పుట్టించాను. కింద మీ ఆఫీసరు సంతకం కూడా ఉందని చెప్పేశాను. ఆయనకి దండం పెడతానని మా మరదలు రేపు మీ దగ్గరికే బయల్దేరుతోంది. ఆర్డరిచ్చినవాడిలా కాస్త మొహం పెట్టుకుని కూర్చోమను తల్లీ.