గడియారానికి కట్టిన చీటీ

మొయినాబాద్,
సోమవారం పొద్దున.

చిరంజీవి మహేశ్వర్‌కు,

పెద్దక్క దీవెనలు. శివయ్య దయతో ఇక్కడ అందరం బాగున్నాము. నాగపూర్‌లో నువ్వూ వేళకు తిని ఆరోగ్యంగా ఉన్నావని నమ్ముతాను.

గడియారం బొమ్మ గీసి పంపిన నీ ఉత్తరం అందింది. ముందు నువ్వు అడిగినవాటికి జవాబు. నా మోకాలు నయం. వాన సరిపడా పడింది, టమాట తోట నిలబడింది. విమానాల క్లబ్బు మూసేసినప్పుడు మన బాపు వేలంలో కొని తెచ్చిన గడియారం అచ్చం నీ బొమ్మలాగే ఉన్నది. నల్లటి ముఖం, తెల్లటి అంకెలు, వెనక నువ్వు రాసిన నంబరే. చేవెళ్ళలో గడియారాలు బాగుచేసే భిక్షపతికి చూపించాను. చెవి దగ్గర పెట్టుకుని, "ఒక్కపారి చాబిస్తే ఎనిమిది దినాలు నడుస్తదక్కా ఇది. మనుషులే గట్ల నడుస్తలేరు!" అన్నాడు.

మీ విమానం అరవై ఏళ్ళదని, అందులో గడియారం ఆగిపోతే బజారులో కొన్నది పెట్టకూడదని, అదే రకం, పనికొస్తుందని రాసిన చీటీ కట్టి ఉన్నది పెట్టి నువ్వు పరీక్షించి సంతకం చేస్తేనే అది ఎగరాలని రాశావు. చెల్లె రమకు చదివి వినిపించాను. "విమానాలు బాగుచేసేటోనికి మొయినాబాద్ తొవ్వ దొరుకుతలేదా అక్కా? ఆరేండ్లాయె!" అన్నది.

"చీటీ దొరికితే కొరియర్‌కు ఇయ్యకక్కా, నేనే వచ్చి తీస్కపోత" అని నువ్వు ఫోన్‌లో అన్న నాటి నుంచి నీ పరుపు ఎండలో వేస్తూనే ఉన్నాను. బస్సు ఆగిన చప్పుడైతే గేటు దాకా పోయి వస్తున్నాను. తర్వాత మూడుసార్లు అడిగావు. మూడుసార్లూ "ఎతుకుతున్న తమ్మీ" అన్నాను.

వెతకలేదు. చీటీ లేదని నాకు మొదటి రోజే తెలుసు.

పోయిన దసరాకు ఆయుధపూజలో కొడవలి, పార పక్కన బాపు గడియారం కూడా పెట్టి బొట్లు పెట్టాను. దానికి దారంతో కట్టి ఉన్న పసుపుపచ్చ చీటీ దీపం నూనెలో తడిసి, అక్షరాలన్నీ కుంకుమలో కలిసిపోయాయి. పూజలో ఉన్నదాన్ని చెత్తలో వేయడానికి చేయి రాలేదు. వాడిన పూలతో పాటు ఈసీ వాగులో కలిపాను. గడియారానికి అదే సాక్ష్యమని అప్పుడు తెలియదు.

తెలిశాకైనా చెప్పవలసింది. చెబితే నువ్వు రావని చెప్పలేదు. నా ఆశకు అక్కడ ఒక విమానం రెండు నెలలుగా నేలమీదే ఉన్నది. ఈరోజు దీపం ముట్టించి కూర్చుంటే మంత్రం ముందుకు సాగలేదు. లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

వేరే గడియారం తెప్పించుకో. అక్క మీద ప్రేమతో దీనికి మాత్రం సంతకం పెట్టకు. అందులో కూర్చునేవాళ్ళకూ అక్కలుంటారు.

ఇక నీకు ఇక్కడ పనేమీ లేదు. పని లేకున్నా రా తమ్మీ.

ఇట్లు,
నీ రాక కోరే
పెద్దక్క