కోటేశ్వరి మిరపకోతకి రావటం లేదు

అన్నయ్యా,

ఫోన్లో చెబితే అరుస్తావని ఉత్తరం రాస్తున్నా. కోటేశ్వరిని బడి మానిపించి మిరపకోతకి మాచవరం పంపుతానని నీకు మాటిచ్చాను గానీ, ఇప్పుడు పంపలేను. కోప్పడమాక.

మా ఊళ్ళో మల్లీశ్వరని డిగ్రీ చదివిన పిల్ల ఉంది. సాయంత్రంపూట కమ్యూనిటీ హాల్లో పిల్లలకి ఊరికే చదువు చెబుతోంది. ఏడో తరగతికొచ్చినా కూడబలుక్కుని చదివే మన కోటేశ్వరి మూడు నెలలుగా అక్కడికే పోతంది. మొన్న ఆదివారం పెద్దోళ్ళందరినీ కూర్చోబెట్టి పిల్లలతో కథలు చదివించారు. మన పిల్ల లేచేసరికి నేను తల దించుకుని కూర్చున్నా. ఎక్కడా ఆగకుండా చదివేసింది అన్నయ్యా! అది చదివిన కథలో కోతి చేష్టలకి జనం ఒకటే నవ్వులు.

"దీనికి చదువెక్కదు, పనిలో పెడదాం" అన్న మీ బావే వెనకనించి లేచి, "అమ్మాయ్, ఇంకోసారి చదువు!" అని అరిచాడు.

"మిగతావాళ్ళు కూడా చదవాలి నాన్నా, కూర్చో" అంది.

ఆయన బుద్ధిగా కూర్చున్నాడు.

కోతకి దాని బదులు నేనొస్తా. పిల్లని రోజూ హాలుకి తానే తీసుకెళ్తానంటున్నాడు మీ బావ. నీకెందుకయ్యా ఆ తిప్పలంటే, ఇప్పుడు చదివే కథ సగంలో ఉందంట, మిగతాది వినాలంట!

వదినని అడిగానని చెప్పు.

నీ చెల్లెలు