కోడూరు లైనులో లేచిన గీత

రత్నం బావా,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. కోడూరు దాకా వేసిన ఫైబర్ కేబుల్‌ను ఇవాళే పరీక్షించాం. ఉప్పెన ముందురోజు ఊరికి ఫోను కలవకే మీ అమ్మ పోయిందని, ఈ లైను కోసం ఇరవయ్యేళ్లు అర్జీలు పెట్టావు.

కేబుల్లోకి వెలుతురు పంపగానే, మిషను తెరమీద కోడూరు కనెక్టరు చోట గీత నిట్టనిలువుగా లేచింది. టెలిఫోను ఆఫీసులో నువ్వు నేర్పినట్టే కనెక్టరు విప్పి స్పిరిటు గుడ్డతో రెండుసార్లు తుడిచాను. తగ్గలేదు.

ప్రారంభానికొచ్చిన పెద్దమనిషి తెర చూసి, "అబ్బో, సిగ్నల్ ఎంత ఎత్తు లేచిందండీ!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అది లేవకూడదండీ! వెలుతురు పూర్తిగా ఊళ్లోకి పోకుండా కొంత అక్కడే తగిలి వెనక్కొస్తోంది. గాలీవానా వస్తే ఈ లైను మొదట పోయేది అక్కడే. కోసేసి కొత్త కనెక్టరు వేయాలి" అని అరిచాను.

"ఊరుకోండి పెద్దాయనా, మీకు ప్రతిదానికీ వాదనే" అన్నాడు కాంట్రాక్టరు. "ఇవాళ ఆగితే ఈ లైను మళ్లీ రాదు. మామూలు రోజుల్లో మాట్లాడుకోడానికి ఇది చాలదా?"

మామూలు రోజుల కోసమా బావా, నువ్వు అర్జీలు పెట్టింది? ఈ దేశంలో రిబ్బను కోసేవాడికి రిబ్బనుకు అవతలున్న ఊరు ఎప్పుడు కనపడింది గనక!

బయట మీ ఊరివాళ్లు ఫోను కోసం పొద్దుటినుంచీ నిలబడి ఉన్నారు. నువ్వు బతికుంటే ఇలాంటి లైనుకు సంతకం పెట్టేవాడివి కాదు, పరీక్ష కాగితంలో నీ చోటు ఖాళీగా ఉండేది. అక్కడ కాంట్రాక్టరు సంతకం పెట్టాడు. దాని కింద నేనూ పెట్టాను.