మీ అబ్బాయి నిద్రపోయారు

అత్తయ్యా,

మీరు పోయి ఏడాదయిందని ఈ రోజు నందిగామలో మన ఇంట్లోనే ప్రార్థన పెట్టుకున్నాం. మీకు చెప్పాల్సిన మాట ఒకటుంది. మీ అబ్బాయి ఆ మాత్రలు మానేశారు.

టైఫాయిడ్ తర్వాత నీరసానికని జగ్గయ్యపేట డాక్టరు రాసిచ్చిన మాత్రలవి. వేసుకుంటే నిద్ర వచ్చేది కాదు, అందుకే బడిలో పాఠాలు చెబుతూనే బి.ఏ. చదవడానికి పనికొచ్చాయి. పరీక్ష ప్యాసయ్యాక కూడా ఆయన ఏళ్ల తరబడి మింగుతూనే ఉన్నారు. తిండి తగ్గింది, చేతులు వణికేవి, చీటికిమాటికి అరిచేవారు. మీ మంచం పక్కన కూర్చుని ఆపకుండా మాట్లాడుతుంటే, "కాసేపు పడుకోరా నాయనా" అని మీరే బతిమాలేవారు.

మొన్న వేసవిలో ఆయన అడుగుల చప్పుడు వినగానే మన చిన్నది తలుపు చాటుకు వెళ్లి దాక్కుంది. ఆయన అది చూశారు. ఆ రోజే మిగిలిన మాత్రలు పొయ్యిలో వేశారు.

తర్వాత చాలా కష్టపడ్డారు. మంచం దిగేవారు కాదు, ఊరికే ఏడ్చేవారు. "ఒక్కటి తెచ్చిపెట్టవే, మళ్లీ అడగను" అన్నారు. నేను తేలేదు. జావ కాచి ఇచ్చి పక్కన కూర్చున్నాను.

ఇవాళ పాస్టరుగారు ప్రార్థన చేస్తుండగా ఆయన గోడకు ఆనుకుని నిద్రపోయారు. గురక కూడా వినిపించింది.

మీ తమ్ముడు నా వైపు వంగి, "తల్లి కోసం ప్రార్థన జరుగుతుంటే ఆ నిద్రేంటమ్మాయ్? లేపు" అన్నారు.

"లేపొద్దండి బాబాయిగారూ" అన్నాను.

పాస్టరుగారు ఒకసారి చూసి, గొంతు తగ్గించి ముగించారు. అందరూ అన్నాలకు లేచినా మీ అబ్బాయి కదల్లేదు. మీ దుప్పటి తెచ్చి కప్పాను.

మీ కోడలు,
సుగుణ