నేనిచ్చిన చెంబు

మంగీ,

నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. తప్పులూ ఉంటాయి, అయిదో తరగతితోనే మాన్పించారు కదా... ఏమనుకోవద్దు. నీకు చదువు రాదు. అయినా నీకే రాస్తున్నాను. నువ్వు పోయి మొన్న వినాయక చవితికి ఏడాది నిండింది.

మీ అమ్మ ఇప్పటికీ మా పొలంగట్ల మీద ఎలుకల బొరియలు తవ్వుతోంది. నేను ఎదురైతే తల దించుకుంటుంది, దొంగపిల్లను కన్నానని. సిగ్గుపడాల్సింది ఆమేనా?

నేను కాపురానికొచ్చిన కొత్తలో ఈ ఇంట నాతో నవ్వుతూ మాట్లాడింది నువ్వొక్కదానివే. పేడ ఎత్తడానికి వచ్చినదానివి, నన్ను గట్టు మీదికి లాక్కెళ్ళి ఎలుక బొరియ పక్కన నేలకు చెవి పెట్టించావు. "తల్లి ఒకటి, పిల్లలు నాలుగు ఉండాయి లోపల. ఇనబడతా ఉందా కొత్తమ్మా? ఈ పూటకి పోనిద్దాంలే." నాకేమీ వినబడలేదు. వినబడిందన్నాను.

మా అమ్మకు జబ్బని తెలిసిన రోజు, అత్తకు తెలియకుండా ఇత్తడి చెంబులో నెయ్యి పోసి, రైలెక్కి మా పుట్టింట్లో ఇచ్చి రమ్మని నిన్ను పంపింది నేనే. ఎవరికీ చెప్పొద్దన్నాను. "అడ్డంగా కోసినా చెప్పను. మీ అత్త చెంబేదంటే కాకెత్తకపోయిందను" అని నవ్వావు.

యానాదుల పిల్ల చేతిలో ఇత్తడి చెంబు... రైలు స్టేషన్లో నిన్ను దొంగని పట్టుకోడానికి అదొక్కటే చాలింది. ఆ రోజే టికెట్టు లేకుండా దొరికిన రైతుల పిల్లవాణ్ణి, వాడి నాయన వచ్చాడని చెవి మెలేసి వదిలేశారట. నీకెవరు వస్తారు? మీ అమ్మ వచ్చినా ఎవరు వింటారు? ఒంటరి ఆడపిల్ల బయటుంటే చెడిపోతుందని నిన్ను ఆడపిల్లల జైలుబడికి పంపారు. పదమూడేళ్ళు కూడా లేవు నీకు.

నువ్వు పనిచేసే ఇల్లని పోలీసు మా గుమ్మంలో నిలబడి చెంబు చూపిస్తే, అత్త తనదేనంది. పోయిందంది. నేను తలుపు చాటున ఉన్నాను. కొత్త కోడలు పరాయి మగవాడి ముందుకు రాకూడదు. తలుపు వెనక నుంచైనా ఒక్క మాట అనలేకపోయానా?

అక్కడ నువ్వు అన్నం మానేశావట. మాట మానేశావట. సిమెంటు నేలకు చెవి పెట్టి పొద్దంతా పడుకునేదానివట. ఈ పిచ్చి ముందు నుంచీ ఉందా అని అడగడానికి అక్కడి నుంచి ఒకామె వచ్చింది. ఈసారి వచ్చింది ఆడమనిషే, మంగీ... అయినా నేను తలుపు చాటు నుంచి కదల్లేదు. అది పిచ్చి కాదు, దిగులని, ఆ నేల కింద ప్రాణమేదైనా కదులుతోందేమోనని వింటోందని... చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే. ముందు నుంచీ ఉందని అత్త చెప్పింది. ఆమె రాసుకుని పోయింది. తర్వాత నిన్ను విడిగా ఒక గదిలో పెట్టారట. జ్వరం వచ్చిందట. మాకు తెలిసింది అంతే.

చెంబు ఇంటికి తిరిగొచ్చింది. రోజూ నేనే తోముతున్నాను.

మీ చెల్లెలు ఇప్పుడు బడికి పోతోంది, కూడబలుక్కుని చదువుతుంది. రేపు పొలం దగ్గర ఈ కాగితం దాని చేతిలో పెడతాను. ఈసారి వెనకాడను.

సుబ్బీ, మీ అమ్మకు ఇది గట్టిగా చదివి వినిపించు. చెంబు ఇచ్చింది నేనే అన్నచోట రెండుసార్లు చదువు. ఆ తర్వాత పొయ్యిలో పెట్టెయ్యి.

కొత్తమ్మ